గంజి పెట్టిన గాజు బొమ్మలు

కిందటేడు మావాడి స్కూల్లో ఎగ్జిబిషన్ పెట్టారు. మూడో తరగతి పిల్లలు గోల్కొండ కోట నమూనా చేసి తేవాలట. ముందురోజు రాత్రి పదకొండింటి దాకా కూర్చుని థర్మోకోల్ కోసి, జిగురు పెట్టి, బురుజులకి రంగులు వేసిందెవరో వేరే చెప్పాలా? వాడు మాత్రం హాయిగా నిద్రపోయాడు. ఎగ్జిబిషన్లో మా కోటకి ఫస్ట్ ప్రైజ్! సంబరంగా గుమ్మంలోకి ఎదురెళితే వాడు సర్టిఫికెట్ నా చేతిలో పెట్టి, "అమ్మా, నీకు ఫస్ట్ ప్రైజొచ్చింది" అన్నాడు. ఎగతాళికి కాదు. నిజంగానే నాది నాకిచ్చేసి ఆడుకోవడానికి వెళ్ళిపోయాడు.

అప్పటికి నవ్వేసి ఊరుకున్నాను గానీ, ఆ మాట మనసులో ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది. అది మళ్ళీ సలిపింది ఈ వేసవిలో, అమెరికాలో.

మా అక్కావాళ్ళు సియాటెల్ పక్కన బెల్లెవ్యూలో ఉంటారు. ఓ శనివారం బావగారు పిల్లలతో సహా అందర్నీ టకోమా అనే ఊరు తీసుకెళ్ళారు. అక్కడ 2002లో తెరిచిన గాజు మ్యూజియం ఉంది. దూరం నుంచే 90 అడుగుల ఎత్తున్న స్టీలు శంకువు ఒకటి, కాస్త పక్కకి వాలి కనిపిస్తుంది. ఒకప్పుడు ఆ ప్రాంతంలో కలప కోతమిల్లుల దగ్గర రంపపు పొట్టు కాల్చే బట్టీలు ఆ ఆకారంలో ఉండేవట. ఇప్పుడు ఆ శంకువు కిందే గాజు కొలిమి. మనం కూర్చుని చూస్తుండగానే పని చేస్తారు.

కొలిమిలో గాజు పాకంలా ఉంటుంది. ఒకాయన పొడవాటి ఇనుప గొట్టం అందులో ముంచి తీస్తే చివర ఎర్రటి ముద్ద తేనెలా వేలాడుతూ వస్తుంది. తిప్పడం ఆపితే కిందికి జారిపోతుంది. ఒకరు ఊదితే ఇంకొకరు తిప్పుతారు, మరొకరు మళ్ళీ మంటలో పెట్టి మెత్తబరుస్తారు. ఎవరూ గట్టిగా మాట్లాడరు. అరిసెల పాకం దగ్గర మా అమ్మా పిన్నీ ఇలాగే ఉండేవారు! తయారైన వస్తువుని వెంటనే బయట పెట్టరు. గంటల తరబడి నెమ్మదిగా చల్లార్చే పెట్టెలో ఉంచుతారు. చల్లటి గాజు గ్లాసులో సలసల కాగే కాఫీ పోస్తే ఏమవుతుందో మన ఆడవాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు కదా.

ఇదంతా ఒక ఎత్తు. నన్ను కదలనివ్వకుండా చేసింది మాత్రం పిల్లల బొమ్మలు. 12 ఏళ్ళ లోపు పిల్లలు ఎవరైనా ఒక బొమ్మ గీసి, దాని కథ రాసి ఇవ్వొచ్చు. అందులోంచి ఒకటి ఎంచుకుని కొలిమి దగ్గరివాళ్ళు దాన్ని గాజులో పోస్తారు. రెండు చేస్తారు. ఒకటి ఆ బిడ్డకి, ఒకటి మ్యూజియానికి. పిల్ల గీత వంకరైతే గాజూ వంకరే. కళ్ళు ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అయితే అలాగే. "కాలు ఒకటి ఎక్కువ పడ్డట్టుంది, తీసేద్దాం" అనే మాటే లేదు. ఏళ్ళ తరబడి చెయ్యి తిరిగినవాళ్ళు, ఆ అదనపు కాలు విరక్కుండా నిలబెట్టడానికి చెమటలు కక్కుతారు. థర్మోకోల్ కోట గుర్తొచ్చి నాకు సిగ్గేసింది.

టకోమా ఇంకొకరి ఊరు కూడా. గాజు శిల్పాలతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న డేల్ చిహులీ 1941లో ఇక్కడే పుట్టాడు. 1976లో ఇంగ్లండులో కారు ప్రమాదం జరిగి ఎడమ కంటి చూపు పోయింది. 1979లో సముద్రపు అలల్లో ఆడుతుంటే భుజం తప్పింది. ఇక బరువైన గొట్టం పట్టలేకపోయాడు. అప్పట్నుంచీ ఆయన బొమ్మ గీస్తే, ఆయన బృందం గాజులో చేస్తూ వచ్చింది. అంచులు అలల్లా మడతపడ్డ, ఒళ్ళంతా మచ్చల గిన్నెలు 1981లో మొదలుపెట్టాడు. ఉన్న మూడొందల రంగులూ వాడెయ్యాలని తోచిందట! వాళ్ళమ్మ వాటికి పెట్టిన ముద్దుపేరు "అందవికారాలు". అమ్మలు ఎక్కడైనా అమ్మలే.

ఇంటికొచ్చీ రాగానే పిల్లలు మేమూ చేస్తామని కూర్చున్నారు. అక్క కాఫీ వడపోసే తెల్ల కాగితాలు తీసింది. అవి గుండ్రంగా, అంచు కుచ్చిళ్ళతో ఉంటాయి. వాటి మీద స్కెచ్ పెన్నులతో గీసి, బోర్లించిన గ్లాసు మీద పరిచి, గంజి చల్లితే రంగులు ఒకదాన్లోకి ఒకటి పాకుతాయి. తెల్లారేసరికి గట్టిపడి, అచ్చం ఆ మడతల గిన్నే. మావాడు ఆకుపచ్చ మీద ఎరుపు దిద్దుతుంటే, "ఒరేయ్, అలా వెయ్యకు, మురికి రంగవుతుంది" అంటూ నా చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది. అక్క ఆ చెయ్యి పట్టుకుని, "నువ్వు లోపలికెళ్ళి టీ పెట్టవే" అంది.

హైదరాబాదు వచ్చాక ఆ కాగితాలు మా సందులో దొరకలేదు. అత్తయ్యగారు మామయ్యగారి పాత మల్లు పంచె తీసిచ్చారు. అన్నం వార్చిన గంజితో మొదటిసారి చేస్తే, ముసురు పట్టి ఉందేమో, పొద్దున్నకి ఇడ్లీ గుడ్డలా చతికిలబడింది. "చీరలకి పెట్టేది సగ్గుబియ్యం గంజి కదమ్మా" అని గుర్తు చేసిందీ ఆవిడే. గుప్పెడు సగ్గుబియ్యం రెండు గ్లాసుల నీళ్ళలో నానబెట్టి, గింజ కరిగిపోయేదాకా కలుపుతూ ఉడికించి, చల్లారాక వడకట్టండి. జానెడున్నర గుడ్డ ముక్క గుండ్రంగా కత్తిరించి, అందులో ముంచి పిండి, బోర్లించిన గ్లాసు మీద వెయ్యాలి. గ్లాసుకి ముందు ప్లాస్టిక్ కవరు తొడక్కపోతే గుడ్డ అంటుకుని రాదు. తడి మీదే అంచులు కుచ్చిళ్ళు తిప్పి, నీటిరంగులు చుక్కలు చుక్కలుగా వదలాలి. రంగు ఎటు పారితే అటు పారనివ్వండి. ఫ్యాను కింద ఒక రాత్రి, తర్వాత ఎండలో ఒక పూట పెట్టి, కిటికీలో వెలుతురుకి ఎదురుగా నిలబెట్టి చూడండి!

"నిజం గాజుతో ఎందుకు వద్దమ్మా?" అని మావాడి పేచీ. మా చిన్నప్పుడు కరెంటు పోయిన సాయంత్రాలు, విరిగిన గాజు ముక్కల్ని కొవ్వొత్తి మంట మీద వంచి, ఒకదాన్లో ఒకటి దూర్చి గొలుసులు చేసేవాళ్ళం. అమ్మమ్మగారింట్లో గుమ్మానికి అలాంటి తోరణమే ఉండేది. ఆ సంగతీ, కాలిన వేళ్ళ సంగతీ చెప్పాను. ఆ ఆదివారం సాలార్‌జంగ్ మ్యూజియానికి కూడా వెళ్ళాం. వెనిస్, బొహీమియా గాజు సామాను ఉన్న గదిలో వాడు నిలబడిపోయాడు. ఇదివరకు ఎన్నిసార్లు వచ్చినా, గడియారం గంట కొట్టే వేళకి అందుకోవాలని ఆ గది పరుగున దాటించేసేదాన్ని.

గిన్నెల తర్వాత బొమ్మ. ఈసారి టకోమా పద్ధతే పెట్టుకున్నాం. వాడు గీసి కథ రాస్తాడు, నేను కూలీని. అయిదు కాళ్ళు, రెండు తోకలున్న పక్షి గీశాడు. గంజి గిన్నెలు ఒకదాని మీద ఒకటి బోర్లిస్తే ఒళ్ళు. తోకలకి కూల్‌డ్రింక్ సీసాలు. సీసా అడుగు తీసేసి, చుట్టూ మెలికలుగా కోస్తే పొడుగాటి సుడి వస్తుంది. స్కెచ్ పెన్ను ప్లాస్టిక్ మీద నిలవదు, పర్మనెంట్ మార్కరే కావాలి. అంచులు కత్తిలా ఉంటాయి కనుక కోత మాత్రం పెద్దవాళ్ళదే. కొందరు మంట చూపించి వంపులు తెస్తారు గానీ, ఆ పొగ పిల్లలున్న ఇంట్లో నాకు నచ్చదు.

తోకల బరువుకి పక్షి వెనక్కి పడిపోయింది. "తోక ఒకటి తీసేద్దామా?" అని నోటిదాకా వచ్చింది. మింగేసి, "ఏం చేద్దాం మేస్త్రీ?" అన్నాను. చాలాసేపు చూసి, అయిదో కాలు వెనక్కి జరపమన్నాడు. బైండింగ్ వైరు వంచి జరిపాను. నిలబడింది!

ఇప్పుడది హాలు కిటికీలో ఉంది. ఎదురింటి పిన్నిగారు వచ్చి, "నెమలా బాబూ?" అని అడిగితే అరగంట కూర్చోబెట్టి కథ చెప్పాడు. పాపం, ఆవిడ పాలు పొంగిపోయాయి.

వచ్చే నెల స్కూల్లో మళ్ళీ ఎగ్జిబిషన్. ఈసారి చార్మినారట. థర్మోకోల్ కొనిచ్చి నేను తప్పుకున్నాను. రాత్రి తొంగిచూస్తే అప్పటికే మూడు మినార్లు లేచాయి, రెండు ఎడంవైపే.