బోరు నీళ్ళ జమాఖర్చు

కెమికల్ ఇంజినీరింగులో చేరుతున్నావు, ప్లాంటు డిజైనంటే ఏంటి తాతా అని అడిగావు గదా. దానికి విశాఖపట్నం రిఫైనరీ దాకా పోనక్కర్లేదు నాయనా. మన పెద్దారవీడు వైపు క్యాన్లు నింపుకొచ్చే వాటర్ ప్లాంటు చాలు.

మన పడమటి ప్రకాశంలో రాళ్ళల్లోని ఫ్లోరైడు బోరు నీళ్ళల్లోకి దిగుతుంది. 1937లో షార్ట్ అనే డాక్టరూ ఆయన తోటివాళ్ళూ ఆ ఫ్లోరైడు తెచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి రాసింది నెల్లూరు జిల్లా జనాన్ని చూసే. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు ఆ జిల్లావే; ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. తాగేనీళ్ళల్లో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదనీ, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఓర్చుకోవచ్చనీ మన దేశ ప్రమాణం.

ఆ ఫ్లోరైడును తగ్గించేందుకే ఈ ప్లాంటు. అందులో బోరు నీళ్ళు ముందు ఇసుక ఫిల్టరులో మురికి వదులుతాయి, కార్బన్ ఫిల్టరులో వాసన వదులుతాయి. ఆపైన పెద్ద పంపు వాటిని మెంబ్రేన్ అనే పొర మీదికి గట్టిగా తోస్తుంది. కొన్ని నీళ్ళు దాన్ని దాటి మంచినీళ్ళవుతాయి. మిగతావి ఉప్పులన్నీ మోసుకుని పక్క గొట్టంలోంచి బయటికి పోతాయి.

డిజైను మొదలయ్యేది కొట్టు చిట్టాలాంటి జమాఖర్చుతో. 1000 లీటర్లు లోపలికి పోయి 500 మంచినీళ్ళు వస్తే, తక్కిన 500 వేస్టు నీళ్ళే. బోరు నీళ్ళల్లో లీటరుకు 1200 మిల్లీగ్రాముల ఉప్పులుండి, మంచినీళ్ళల్లో 60 మిగిలితే, వేస్టు నీళ్ళల్లో ఎంత? 2340. పంపు ఎంతది, గొట్టం ఎంత లావు, మెంబ్రేన్లు ఎన్ని అన్నవన్నీ ఈ లెక్క తేలాకే.

లెక్క కాగితం మీద సరే, ప్లాంటులో నిజంగా అట్లాగే నడుస్తోందా? అది చెప్పేవే మీటర్లు. ఇసుక ఫిల్టరుకు ముందొక ప్రెజర్ గేజి, వెనకొకటి పెడతారు. రెంటి మధ్య తేడా పెరిగిందంటే ఇసుక పూడుకుపోయింది, నీళ్ళు ఎదురు తోసి కడగాలి, అంటే బ్యాక్‌వాష్ చెయ్యాలి. ఒక్క గేజీతో ఈ సంగతి తెలీదు. మంచినీళ్ళ గొట్టానికొకటి, వేస్టు గొట్టానికొకటి ప్రవాహం చూపే రోటామీటర్లుంటాయి. పంపు ముందుండే ప్రెజర్ స్విచ్, బోరు ఎండితే పంపు కాలిపోకుండా ఆపేస్తుంది. డ్రాయింగులో ఒక సున్నా గీసి పి.ఐ. అని రాస్తే ప్రెజర్ చూపే గేజి, ఎఫ్.ఐ. అంటే ప్రవాహం చూపేది, పి.ఎస్. అంటే ఆ స్విచ్. మొదటి అక్షరం ఏం కొలుస్తుందో, తర్వాతది ఏం చేస్తుందో చెబుతుంది.

టీడీఎస్ మీటరును మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. అది నీళ్ళల్లో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చూసి మొత్తం ఉప్పులను అంచనా కడుతుంది. ఫ్లోరైడు ఎంతుందో తేలాలంటే విడిగా పరీక్ష చేయించాల్సిందే.

ఇప్పుడో లెక్క. బోరు నీళ్ళల్లో ఫ్లోరైడు లీటరుకు 3 మిల్లీగ్రాములు, మంచినీళ్ళల్లో 0.2 అనుకో. సగం సగం నీళ్ళయితే వేస్టులో 5.8 తేలాలి. మెంబ్రేన్ ఫ్లోరైడును మాయం చెయ్యదు, పక్కకు నెడుతుందంతే. ఆ వేస్టు నీళ్ళను బోరు పక్కనే గుంటలోకి వదిలితే మళ్ళీ మన నేలలోకే ఇంకుతాయి. కాబట్టి ప్లాంటు గియ్యమని నీకెవరైనా చెబితే, వేస్టు గొట్టం ఎక్కడ తేలుతుందో ముందు గియ్యి.