రెండు గ్రాఫిక్స్ కార్డులు పెడితే స్పీడ్ డబుల్ అవుతుందా? కొనేముందు ఈ లెక్క చూసుకోండి..

పీసీలో ఆర్టీఎక్స్ 3060 ఉంది. కొత్త గేములు నత్తనడక నడుస్తున్నాయి. సికింద్రాబాద్ సీటీసీలోనో, ఆన్‌లైన్‌లోనో అలాంటిదే ఇంకో సెకండ్ హ్యాండ్ కార్డు దొరికితే పక్కన బిగించేస్తే సరి.. 12, 12 కలిపి 24 జీబీ అయిపోతుంది కదా! చాలామంది వేసుకునే లెక్క ఇదే. కానీ గేమింగ్ కోసమే అయితే ఆ డబ్బులు దాదాపు వృథా. గేమ్ నడుస్తున్నంతసేపూ రెండో కార్డు ఖాళీగా కూర్చుంటుంది.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. 2004లో ఎన్విడియా ఎస్‌ఎల్‌ఐ తెచ్చింది, 2005లో ఏటీఐ క్రాస్‌ఫైర్ తెచ్చింది. ఎస్‌ఎల్‌ఐకి రెండు కార్డుల్లోనూ ఒకే మోడల్ చిప్ ఉండాల్సిందే. క్రాస్‌ఫైర్ కాస్త ఉదారం.. హెచ్‌డీ 7950కి 7970ని జత చేసినా ఒప్పుకునేది. ఒక ఫ్రేమ్ ఈ కార్డు, తర్వాతి ఫ్రేమ్ ఆ కార్డు గీస్తాయి. అంటే గేమ్ డేటా మొత్తం రెండింటిలోనూ ఉండాలి. అందుకే 8 జీబీ కార్డులు రెండు పెట్టినా గేమ్‌కి అందేది 8 జీబీయే! పైగా ఫ్రేముల మధ్య గ్యాప్ సమానంగా రాక, ఎఫ్‌పీఎస్ నంబర్ బాగున్నా గేమ్ మాత్రం కుదుపులతో నడిచేది.

ప్రతి గేమ్‌కీ డ్రైవర్‌లో విడిగా సెట్టింగ్ కావాలి. ఆ పని 2021 జనవరి 1 నుంచి ఆపేస్తామని ఎన్విడియా ముందే చెప్పేసింది. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1060కే ఎస్‌ఎల్‌ఐ లేదు. 30 సిరీస్‌లో కార్డులను కలిపే ఎన్‌వీలింక్ 3090, 3090 టీఐలకే పరిమితమైంది. 40 సిరీస్‌కి వచ్చేసరికి అదీ పోయింది. డైరెక్ట్‌ఎక్స్ 12లో ఎన్విడియా, ఏఎండీ కార్డులను కలిపి వాడే దారి ఉంది. 'యాషెస్ ఆఫ్ ది సింగ్యులారిటీ' గేమ్ అది చేసి చూపించింది కూడా. కాకపోతే ఆ కష్టమంతా గేమ్ తయారు చేసేవాళ్లే పడాలి. పడినవాళ్లు చాలా తక్కువ.

మరి రెండో కార్డు ఎవరికి పనికొస్తుంది? సొంత పీసీలో ఏఐ మోడల్స్ నడిపేవాళ్లకి. లామా.సీపీపీ లాంటి సాఫ్ట్‌వేర్లు మోడల్‌ని ముక్కలు చేసి రెండు కార్డుల్లో సర్దేస్తాయి. ఇక్కడ 12, 12 కలిపితే నిజంగానే 24కి దగ్గరగా వస్తుంది. రెండూ ఒకే మోడల్ కానక్కర్లేదు కూడా. బ్లెండర్‌లో రెండర్ టైమ్ కూడా బాగా తగ్గుతుంది. అయితే సీన్ మొత్తం ఒక్కో కార్డు మెమరీలో పట్టాలి.

ఈ పనుల కోసం కొనేవాళ్లు ముందు చూసుకోవాల్సింది మదర్‌బోర్డు. అసలు మోసం ఇక్కడే ఉంది. రెండో స్లాట్ చూడ్డానికి మొదటిదానంత పొడుగ్గానే ఉంటుంది. కానీ బీ450, బీ550 లాంటి చాలా బోర్డుల్లో లోపల ఎక్స్16 కాదు, ఎక్స్4 లేన్లే ఉంటాయి. అదీ చిప్‌సెట్ మీదుగా. ఏఐ మోడల్‌ని ముక్కలు చేసి నడపడానికి అది సరిపోతుంది, లోడ్ అవ్వడమే కాస్త లేట్. మాన్యువల్‌లో స్లాట్ల పేజీ చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

రెండూ ఎన్విడియావే అయితే ఒకే డ్రైవర్ వెర్షన్ రెండింటికీ సపోర్ట్ ఇవ్వాలి. మరీ పాత కార్డు తెస్తే పేచీ ఇక్కడే మొదలవుతుంది. ఇక కరెంటు.. 3060 ఒక్కోటి 170 వాట్లు. అంటే కార్డులకే 340, ప్రాసెసర్ లెక్క వేరే. 550 వాట్ల పవర్ సప్లై మీద రెండూ నడిపించే సాహసం వద్దు. ఒకే కేబుల్‌ని రెండు కార్డులకి పంచకుండా, దేనికి దానికి విడి కేబుల్ వేయాలి.

కార్డుల మధ్య గ్యాప్ ఉందో లేదో కూడా కొలుచుకోండి. ఆనుకుని ఉంటే పై కార్డు ఫ్యాన్లకి గాలి అందదు. మే నెల ఎండల్లో ముందు వేడెక్కి స్లో అయ్యేది అదే.