ఆరు అక్షరములు – అయిదు మాటలు

ఇంగ్లీషు వర్ణమాలలోని యిరువదియారు అక్షరములలో ఈ, ఐ, ఎల్, ఎన్, ఎస్, టీ అను ఆరింటిని వేరుచేసి, ఒక్కొక్కదానిని ఒక్కొక్క చీటిపై వ్రాసి, బల్లమీద పేర్చి చూడుడు. ఆ చీటీల వరుసను ఎన్ని విధముల మార్చవచ్చును? మొదటి స్థానమున ఆరింటిలో ఏదైనను ఉండవచ్చును. రెండవ స్థానమునకు మిగిలిన అయిదింటిలో నొకటి, మూడవదానికి నాలుగింటిలో నొకటి. ఇట్లు ఆరును అయిదుచేతను, వచ్చినదానిని నాలుగు, మూడు, రెండులచేతను గుణించినచో 720 వరుసలు తేలును. గణితము చదివిన విద్యార్థికి ఇది సులభమైన లెక్క. కాని గణితమునకున్న ఔదార్యము భాషకు లేదు. ఈ 720 వరుసలలో ఇంగ్లీషు వాడుకలో అర్థముగల మాటలుగా నిలిచినవి వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మాత్రమే. వానిలో ముఖ్యమైనవి అయిదు: లిసన్, సైలెంట్, ఎన్‌లిస్ట్, టిన్‌సెల్, ఇన్‌లెట్స్.

ఈ ఆరక్షరములు ఇన్ని మాటల కాశ్రయమగుటకు కారణము కలదు. ఇవి ఇంగ్లీషున మిక్కిలి తరచుగా వచ్చు అక్షరములు. పూర్వము తంతివార్తలకు సంకేతములు కల్పించినవారు దీనిని గుర్తించి, తరచు వచ్చు అక్షరములకు చిన్న గుర్తులను కేటాయించిరి. అందుచేత ‘ఈ’కి ఒక చుక్క, ‘టీ’కి ఒక గీత, ‘ఐ’కి రెండు చుక్కలు, ‘ఎస్’కు మూడు చుక్కలు వచ్చినవి. ఎక్కువ పని చేయువాని బరువు తగ్గించుట న్యాయమే కదా!

అక్షరముల వరుస మార్చి మాటలు పుట్టించుట పలువురకు సెలవునాటి వినోదము. ఉపాధ్యాయుడు మాత్రము ఈ అయిదు మాటలను కొంచెము నిదానించి చూడవలెను. మన పిల్లలు ఇంగ్లీషు అక్షరక్రమమున ఎక్కడ తడబడుదురో, ఏల తడబడుదురో ఇవి చక్కగా తెలుపగలవు.

మొదటిది ‘లిసన్’. ఎల్, ఐ, ఎస్, టీ, ఈ, ఎన్ – ఇది దీని వరుస. చెవియొగ్గి వినుట అని అర్థము. ఇంగ్లీషున ‘హియర్’ అనగా శబ్దము చెవిని పడుట. ‘లిసన్’ అనగా మనసు పెట్టి వినుట. మన ‘విను’ అను క్రియ ఈ రెండు పనులను చేయును. అంతేకాక, ‘మా అబ్బాయి నా మాట వినడు’ అన్నప్పుడు విధేయతను కూడ తెలుపును. ఒకే క్రియకు అలవాటుపడిన మన విద్యార్థి ‘లిసన్’ తరువాత రావలసిన ‘టు’ను మరచుట సహజము. ‘నా మాట విను’ అనుటకు ‘లిసన్ మీ’ అనరాదు, ‘లిసన్ టు మీ’ అనవలెను.

రెండవది ‘సైలెంట్’: ఎస్, ఐ, ఎల్, ఈ, ఎన్, టీ. నిశ్శబ్దమైన, మౌనముగానున్న అని అర్థము. మౌనము వహించుట అను అర్థముగల లాటిను ధాతువునుండి ఇది పుట్టినది. ఈ రెండు మాటలను నల్లబల్లపై ఒకదాని క్రింద నొకటి వ్రాసి చూపినచో ఒక చమత్కారము కంటబడును. పలుకబడని అక్షరమును ఇంగ్లీషు వ్యాకర్తలు ‘సైలెంట్’ అక్షరమందురు. ‘లిసన్’లో ‘టీ’ పలుకబడదు; అది అక్కడ మౌనముగా కూర్చుండును. మౌనమునకే పేరైన ‘సైలెంట్’లో మాత్రము ఆ ‘టీ’యే చివర నిలిచి స్పష్టముగా నోరు విప్పును!

‘లిసన్’లో పలుకని ‘టీ’ ఎక్కడనుండి వచ్చినది? ప్రాచీనాంగ్లమున ఈ క్రియ ‘హ్లిస్నన్’ అని యుండెను. అందు ‘టీ’ లేదు. వినుట అను అర్థముతోనే ‘లిస్ట్’ అను మరియొక క్రియ ఆ భాషలో నుండెను. నేడది ప్రాచీన కావ్యములలో తప్ప వినబడదు. ఆ చుట్టపు మాట పోలికచేత ‘లిసన్’లోనికి ‘టీ’ ప్రవేశించెను. చుట్టము వెడలిపోయినను ఆయన విడిచిన అక్షరము ఇంటనే మిగిలిపోయినది.

ఇదే విధముగా ‘టీ, ఈ, ఎన్’లతో ముగియు ఆరక్షరముల మాటలు మరికొన్ని కలవు. ‘ఫాసెన్’ అనగా బిగించుట, ‘హేసెన్’ అనగా త్వరపడుట, ‘సాఫెన్’ అనగా మెత్తబరచుట. వీనిలోను ‘టీ’ వ్రాయబడును, పలుకబడదు. కాని వీని కథ వేరు. ‘ఫాస్ట్’, ‘హేస్ట్’, ‘సాఫ్ట్’ అను మూలపదములలో ‘టీ’ నేటికిని పలుకబడుచునే యున్నది. ఈ మాటలలో ‘టీ’ పుట్టుకతో వచ్చి నోరు మూసికొన్నది. ‘లిసన్’లో నడుమ వచ్చి చేరినది. ‘సాఫ్ట్’ తెలిసిన పిల్లవానికి ‘సాఫెన్’లోని ‘టీ’ని కంఠస్థము చేయవలసిన పని లేదు. తల్లి మాటను చూపినచో చాలును.

మూడవది ‘ఎన్‌లిస్ట్’: ఈ, ఎన్, ఎల్, ఐ, ఎస్, టీ. పేరు జాబితాలో చేర్చుట, ముఖ్యముగా సైన్యమున చేరుట లేక చేర్చుకొనుట అని అర్థము. ఇందలి ‘లిస్ట్’కును, పైని చెప్పిన వినుట అను ‘లిస్ట్’కును సంబంధము లేదు. ఈ ‘లిస్ట్’కు మొదటి యర్థము అంచు, సన్నని పట్టీ. పొడవైన కాగితపు పట్టీపై పేర్లు వ్రాసికొనుటనుండి జాబితా యను నర్థము వచ్చినది. దీనిని మన ఉపాధ్యాయులకు వివరింప నక్కరలేదు. వారు ప్రతి ఉదయము పిలుచు హాజరు పట్టీలోని ‘పట్టీ’ సరిగా ఈ త్రోవనే నడచినది. వేల మైళ్ల దూరమున నున్న రెండు భాషలు ఒకే పనికి ఒకే ఉపమానమును ఎంచుకొన్నవి.

నాలుగవది ‘టిన్‌సెల్’: టీ, ఐ, ఎన్, ఎస్, ఈ, ఎల్. తళుకుతళుకుమను సన్నని లోహపు రేకు, పండుగ అలంకరణలకు వాడు తళుకు తీగ. పైకి మెరసి లోన విలువలేని దానిని నిందించుటకు కూడ ఈ మాటను వాడుదురు. దీని చరిత్ర మిక్కిలి రుచికరము. లాటినున ‘స్కింటిల్లా’ అనగా నిప్పురవ్వ. జనుల నోట ఇందలి ‘క’కార ‘ట’కారములు స్థానములు మార్చుకొని ‘స్టింకిల్లా’ అయ్యెను. అది ఫ్రెంచి భాషలోనికి పోయి, అటనుండి మొదలు తెగిన రూపముతో ఇంగ్లీషునకు వచ్చి ‘టిన్‌సెల్’గా స్థిరపడెను. మనము చీటీలు మార్చి ఆడుకొను ఆటను, ఎవరును తలపెట్టకయే, భాష తనంత తానుగా ఈ మాటతో ఆడినది.

దీనిని మనవారు వర్ణవ్యత్యయ మందురు. ఇది మన యింట కూడ జరిగినదే. తమిళమున ‘ఇరండు’ అనుదానిని మనము ‘రెండు’ అనుచున్నాము. వారి ‘ఉరల్’ మన ‘రోలు’. మొదటి అచ్చు హల్లును దాటి వెనుకకు పోవుటచే ఈ రూపము లేర్పడినవి. ‘వారణాసి’ జనుల నోట ‘బనారసు’ అగుటలోను ర, ణ లు చోట్లు మార్చుకొన్నవి. కావున మాటలలో వర్ణములు తారుమారగుట పిల్లల నోటి దోషమని మాత్రమే తలపరాదు. భాషలు పెరుగు విధములలో అదియు నొకటి.

అయిదవది ‘ఇన్‌లెట్స్’: ఐ, ఎన్, ఎల్, ఈ, టీ, ఎస్. ‘ఇన్’ అనగా లోనికి, ‘లెట్’ అనగా రానిచ్చుట. భూమిలోనికి చొచ్చుకొనివచ్చు సన్నని సముద్రపు పాయలను, నీరు లోనికి వచ్చు ద్వారములను ఇట్లు పిలుతురు. పులికాటు సరస్సులోనికి సముద్రజలము వచ్చు ముఖద్వారములు మన కెరుకయే. ఈ మాట బహువచన ప్రత్యయమైన ‘ఎస్’ను ఊతగా గొని మన అయిదింటిలో చోటు సంపాదించినది, ఆ ‘ఎస్’ తీసివేసినచో అయిదక్షరములే మిగులును.

ఇక తెలుగు బాలుని సంగతి చూతము. మనకును ఇట్టి క్రీడలు కలవు. ‘కలప’ను తిరుగవేసిన ‘పలక’; ‘కడప’ను తిరుగవేసిన ‘పడక’; ‘తల’ను తిరుగవేసిన ‘లత’. ‘వికటకవి’ ఎటు చదివినను వికటకవియే. ‘మరా మరా’ యని జపించిన బోయ నోట ‘రామ’ నామము పలికిన కథ తెలియని తెలుగువాడు లేడు. కాని ఈ ఆటలలో మనము కదిలించునది అచ్చుతో కూడిన నిండు అక్షరమును. ‘కలప’లో మన కంటికి మూడే అక్షరములు; విడదీసినచో క్, అ, ల్, అ, ప్, అ అని ఆరు వర్ణములు. ఆ ఆరు వర్ణములను చివరనుండి చదివినచో ‘అపలక్’ అను అర్థములేని ధ్వని వచ్చునే గాని ‘పలక’ రాదు. ఇంగ్లీషు అక్షరమో, అచ్చు హల్లుల పొత్తు లేక ఒంటరిగా నిలుచునది. కనుకనే అది యే చోటికైనను సులభముగా కదలును. కదలిన చోటునుబట్టి పలుకును మార్చుకొనును. మన ‘ల’ ఎక్కడనున్నను ‘ల’యే. ఇంగ్లీషు ‘ఐ’ మాత్రము ‘లిసన్’లో ‘ఇ’ యగును, ‘సైలెంట్’లో ‘ఐ’ యగును. వ్రాసినది చదువుట, పలికినది వ్రాయుట అను నమ్మకముతో పెరిగిన బాలునకు ఇది పెద్ద మార్పు. ఈ భేదమును మొదటనే విప్పిచెప్పక, మాటలను వల్లెవేయించుటవలననే వానికి భయము కలుగుచున్నది.

మరియొక కుటుంబమును చూడుడు. ఏ, డీ, ఈ, జీ, ఎన్, ఆర్ అను ఆరక్షరములతో ‘డేంజర్’, ‘గాండర్’, ‘గార్డెన్’, ‘రేంజ్‌డ్’ అను నాలుగు మాటలు వచ్చును. ‘డేంజర్’ అనగా అపాయము. దీని మూలము ప్రభువు అను నర్థముగల లాటిను మాట. పూర్వమిది ప్రభువు అధికారమును తెలిపెడిది. ఒకరి చేతిలో చిక్కుట అపాయమే గనుక నేటి యర్థము వచ్చినది. ‘గాండర్’ అనగా మగబాతు. ‘గార్డెన్’ అనగా తోట. పెరడను నర్థముగల ‘యార్డ్’ దీనికి జ్ఞాతి. ‘రేంజ్‌డ్’ అనగా బారులు తీర్చిన అని. ‘జీ’ తరువాత ‘ఏ’ వచ్చిన ‘గార్డెన్’, ‘గాండర్’లలో దాని పలుకు ‘గ’. ‘ఈ’ వచ్చిన ‘డేంజర్’, ‘రేంజ్‌డ్’లలో ‘జ’. ‘గెట్’ వంటి కొన్ని దేశిపదములు ఈ సూత్రమునకు లొంగకపోయినను, ఇంగ్లీషు చదువుటలో ఇది మిక్కిలి ఉపకరించును. నాలుగు మాటల పోలికచేత ఆ సూత్రము బాలుని కంట తానే పడును.

ఒక మాట మరియొక మాటకు ఇట్టి చుట్టమగునా కాదా యని తెలిసికొనుటకు సులభోపాయము కలదు. ప్రతి మాటలోని అక్షరములను వర్ణమాల వరుసలో వ్రాయవలెను. రెండింటి వరుసయు నొకటే యైనచో అవి చుట్టములు. ఈ వరుసను ఒక శాస్త్రజ్ఞుడు తన రహస్యమును దాచుటకు వాడినాడు. రాబర్ట్ హుక్ 1676లో తాను కనుగొన్న సూత్రమును లాటిను వాక్యముగా కూర్చి, అందలి పదునాలుగు అక్షరములను వర్ణమాల వరుసలో పేర్చి ప్రకటించెను. రహస్యము దాగెను, తానే ముందు కనుగొంటినన్న సాక్ష్యము నిలిచెను. 1678లో ఆయన దానిని విప్పి చూపెను: సాగుదల ఎంతయో బలమంత. నేడు మన విద్యార్థులు స్ప్రింగులను గూర్చి చదువు హుక్ నియమ మిదియే.

ఇప్పుడొక ప్రశ్న. ఒక బాలిక ‘లిసన్’ అను మాటను ‘టీ’ లేకుండ వ్రాసినది. ఆమె పుస్తకముపై ఎర్రసిరాతో గీత గీయుటకు ముందు ఉపాధ్యాయుడు ఒక్క క్షణ మాలోచింపవలెను. ఆమె చెవి తప్పు వినలేదు. ఆమె నేర్చిన తెలుగు లిపి ధర్మమును పాటించి, విన్నదానిని విన్నట్లు వ్రాసినది. ఆమెకు తెలియనిది ఆ మాట చరిత్ర మాత్రమే. దానిని చెప్పువాడు లేకపోవుట ఆమె నేరము కాదు. ఇంటిలో ఇంగ్లీషు వినబడని పిల్లలు, తమ వంశమున మొదటిసారిగా బడి మెట్లెక్కిన పిల్లలు మన తరగతులలో నేటికిని అనేకులున్నారు. అట్టివారికి ఎర్రగీతలు కొన్ని కూడగనే ‘నాకు ఇంగ్లీషు రాదు’ అను నిశ్చయము పుట్టును. ఆ నిశ్చయము అక్షరదోషముకన్న అపాయకరము. తప్పు దిద్దవలసినదే. దిద్దునపుడు ‘నీవు సరిగా వింటివి, ఇక్కడ మాటాడని అతిథి యొకడున్నాడు’ అని చెప్పినచో, ఆ అతిథిని ఆమె ఎన్నడును మరువదు.

దీనికి ఖర్చు లేదు. ఆరు చీటీలు చాలును. వారమున కొకనాడు పావుగంట కేటాయించి పిల్లలను జట్లుగా కూర్చుండబెట్టి ఆడింపవచ్చును. దొరకిన ప్రతి మాటకును అర్థము చెప్పి, ఒక వాక్యమున ప్రయోగించిన తరువాతనే లెక్కకు తీసికొనవలెను.

మొదటి ఆటకు ఏ, ఈ, ఎల్, పీ, ఎస్, టీ అను ఆరక్షరములను తీసికొనుడు. పూవునకుండు రేకులు, భోజనమునకు వాడు పళ్లెములు, చీరకు పెట్టు కుచ్చెళ్లు, కాగితములను కూర్చి బిగించు సన్నని తీగముక్క – ఈ నాలుగింటి ఇంగ్లీషు పేర్లును ఆ ఆరింటిలోనే దాగియున్నవి. పాఠకులు తమ యింటి పిల్లలతో కూర్చుండి వెదకి చూతురు గాక.