బడి తెరిచే వేళ పిల్లల బెంగ: ఇంట్లో మనం చేయవలసినవి

వేసవి సెలవులు ముగిసి బడులు తెరిచే రోజుల్లో తల్లిదండ్రులు మా సంఘానికి వచ్చి చెప్పే మాట దాదాపు ఒక్కటే: "పొద్దున్నే కడుపునొప్పి అంటాడండీ, ఆదివారం మాత్రం ఏ నొప్పీ ఉండదు." ఇది నటన అనుకోకూడదు. భయం వేసినప్పుడు పిల్లలకు నిజంగానే కడుపునొప్పి, తలనొప్పి, వికారం వస్తాయి.

మన పిల్లలకు దీనికి తోడు భాష బెంగ. ఇంట్లో తెలుగు, బడిలో తమిళమో, కన్నడమో, ఒడియానో, మరాఠీనో. తమిళనాడులో 2006 నాటి చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం దశలవారీగా తప్పనిసరి అయింది. మంచినీళ్లు అడగడం కూడా రాక బిక్కముఖం వేసుకుని కూర్చునే పసివాళ్లు ఉన్నారు.

అందుకని కొందరు ఇంట్లో తెలుగే మానేస్తున్నారు. అది మందు కాదు. బిడ్డ తన కష్టం చెప్పుకునేది ఇంటి భాషలోనే. ఆ భాషా పోతే బెంగ లోపలే మిగులుతుంది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణమే చెబుతోంది. తెలుగు ఉంచుకుంటూనే ఈ పనులు చేద్దాం.

1. బడి భాషలో అవసరమైన పది మాటలు ఆటలా నేర్పండి. "అర్థం కాలేదు" అనడానికి తమిళంలో "పురియల", కన్నడంలో "అర్థ ఆగలిల్ల" వస్తే చాలు, సగం భయం పోతుంది.

2. వారం ముందు నుంచే బడి వేళలకు తగ్గట్టు పడుకోబెట్టి, లేపండి.

3. గేటు దగ్గర చెప్పకుండా జారుకోవద్దు. ఎన్ని గంటలకు వస్తారో చెప్పి, వెంటనే కదలండి.

4. ఇంట్లో తెలుగు మాట్లాడతారని టీచరుకు మొదటి రోజే చెప్పండి.

5. "టీచరుతో చెబుతా" అని బెదిరించకండి. "ఏం భయం లేదు పో" అని కొట్టిపారేయకుండా, ఏది భయమో అడగండి.

6. జ్వరం లాంటిది ఏదీ లేకపోతే బడి మాన్పించకండి. ఆ పూటకు ఊరటగా ఉన్నా మర్నాడు వెళ్లడం ఇంకా కష్టమవుతుంది.

రెండు మూడు వారాలైనా బెంగ తగ్గకపోయినా, తిండీ నిద్రా చెడినా డాక్టరుకు చూపించండి. ఎవరైనా కొడుతున్నారా, ఏడిపిస్తున్నారా అన్నదీ మెల్లగా కనుక్కోండి. ప్రభుత్వ టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లలకు ఆపద అనిపిస్తే 1098కి చేయండి.

అమ్మమ్మలూ తాతయ్యలూ ఉన్న ఇళ్లలో సాయంత్రం పది నిమిషాలు బడి కబుర్లు తెలుగులో చెప్పించుకోండి. పిల్లల మనసులో ఏముందో అక్కడే బయటపడుతుంది.