పిల్లలమర్రి

పిల్లలూ! మహబూబ్‌నగర్ పట్టణానికి సుమారు 4 కిలోమీటర్ల దూరంలో పిల్లలమర్రి ఉన్నది. మొదటిసారి చూసేవారికి ఎటు చూసినా మానులే కనిపిస్తాయి. "ఇది అడవి కదా, చెట్టు ఏదీ?" అని అడుగుతారు. ఆ అడవి అంతా ఒకే చెట్టు! అది సుమారు 3 ఎకరాల మేర వ్యాపించింది. దాని వయసు 700 ఏళ్ళని చెబుతారు.

ఒక్క చెట్టు ఇంతగా ఎలా పెరిగింది? మర్రికొమ్మల నుంచి ఊడలు దిగుతాయి. నేలలో వేరూనిన ఊడ క్రమంగా లావెక్కి, మాను అయి, కొమ్మకు స్తంభంలాగా నిలుస్తుంది. ఆ ఆసరాతో కొమ్మ ఇంకా ముందుకు సాగుతుంది. అంటే, తల్లిని పిల్లలే మోస్తున్నారన్నమాట!

అంతటి చెట్టుకూ జబ్బు చేసింది. చెదపురుగులు కొయ్యను లోలోపల తొలిచేశాయి. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది. సందర్శకులను లోపలికి రానివ్వటం మానేశారు. 2018లో చెదల మందు కలిపిన సెలైను సీసాలను వందలకొద్దీ చెట్టుకు వేలాడదీశారు. ఆస్పత్రిలో రోగికి ఎక్కించినట్టే, చుక్క చుక్కగా మందు ఎక్కించారు. వాలిన కొమ్మలకు సిమెంటు స్తంభాలు నిలిపారు. చెట్టు బతికింది.

మర్రిని చూడగానే ఊడ పట్టుకుని ఊగాలని మీకు అనిపిస్తుంది. కాని, లేత ఊడ తెగితే, రేపు కొమ్మను మోయవలసిన మాను పోయినట్టే! అందుచేత దూరంగా నిలబడి చూడండి. ఏ ఊడ నేలను అందుకోబోతున్నదో గుర్తుపెట్టుకోండి. మీరు పెద్దయి మళ్ళీ వెళ్ళేసరికి అది మానై కనిపించవచ్చు.