మెథడోన్ చికిత్స
హెరాయిన్‌కు బానిసైనవారికి అది అందకపోతే ఒళ్లునొప్పులు, వాంతులు, నిద్రలేమి చుట్టుముడతాయి. ఆ బాధ తట్టుకోలేకే చాలామంది మానేసినా మళ్లీ మొదటికొస్తారు. వారికి ఆసరాగా వచ్చిన మందు మెథడోన్. ఇదీ హెరాయిన్‌లాగే ఓపియాయిడ్ (నల్లమందు తరహా మందు) రకమే. కానీ నోటిద్వారా తీసుకుంటే నెమ్మదిగా పనిచేస్తుంది, ఒక్క మోతాదు ప్రభావం దాదాపు రోజంతా ఉంటుంది. సరైన మోతాదులో మత్తెక్కించకుండానే హెరాయిన్ కోసం తహతహను తగ్గిస్తుంది.

న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో వైద్యులు విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్ 1964లో మెథడోన్‌ను రోగులపై పరీక్షించారు. 22 మంది ఫలితాలను 1965లో ప్రచురించారు. మోతాదు మించితే శ్వాస ఆగే ప్రమాదముంది కనుక వైద్యుల పర్యవేక్షణ తప్పనిసరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో మెథడోన్‌ను, ఇదే చికిత్సకు వాడే బ్యూప్రెనార్ఫిన్‌ను అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. వ్యసనం ఒక జబ్బు. దానికి కావాల్సింది వెలివేత కాదు, వైద్యం.