ముడిచమురు దారి – తెలిసినవాళ్ళ చీటీలు

నూనె అనగానే మన ఆదోని, ఎమ్మిగనూరు వైపు వాళ్ళకు బుడ్డల నూనే గుర్తుకు వస్తుంది. ఈవేళ చెప్పబోయేది ఆ నూనె సంగతి కాదు. భూమిలోంచి తోడే ముడిచమురు సంగతి. దాన్ని అమ్ముకునే దేశాలు బావి దగ్గరనుంచి ఓడదాకా చేర్చడంలో ఎక్కడ వెనకబడుతున్నాయో కనిపెట్టడానికి, ఆ పని తెలిసినవాళ్ళ అభిప్రాయాలను కూడగట్టే పద్ధతి ఒకటి వుంది. దాన్ని గురించి చెబుతాను. నాది మెట్రిక్ చదువు. నాకు అర్థమైందంటే మీకు తప్పకుండా అర్థమవుతుంది.

"వంటింట్లో వుండేవాళ్ళం, మనకెందుకమ్మా ఆ గొడవ?" అని పక్కింటావిడ అననే అంది. మన దేశం వాడే ముడిచమురులో నూటికి 85 పాళ్ళకు పైగా బయటి దేశాలనుంచే వస్తున్నది. ఎమ్మిగనూరు పల్లెలనుంచి ఆదోని యార్డుకు పత్తి తెచ్చే లారీకి డీజిలు కావాలి. సుగ్గికని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయే కూలీల బండికీ కావాలి. ఎక్కడో సముద్రం ఒడ్డున చమురు నిలిచిపోతే ఆ దెబ్బ కిరాయిల రూపంలో మనదాకా వస్తుంది.

ముందు ఆ చమురు నడిచే దారి చూద్దాం. బావిలోంచి అచ్చంగా చమురే రాదు. నీళ్ళు, గ్యాసు, ఇసుక కలిసి వస్తాయి. వాటిని విడదీసి, గొట్టాల్లో పంపులతో తోసి, రేవు దగ్గర పెద్ద పెద్ద ట్యాంకుల్లో నింపుతారు. అక్కడ కొలత వేయాలి, నాణ్యం చూడాలి, కాగితాలు తయారు కావాలి. ఆ తర్వాత ఓడ. మహా పెద్ద ఓడలు చాలా రేవుల్లో గట్టుదాకా రాలేవు. వాటిని నడిసముద్రంలో తేలే బోయకు కట్టి, నీటి అడుగున వేసిన గొట్టంతో నింపుతారు. మన కోనసీమ తీరంలో రవ్వ చమురు క్షేత్రంలో కూడా ఇటువంటి ఏర్పాటే వుంది. పెద్ద ఓడ ఒకదానిలో సుమారు 20 లక్షల పీపాల చమురు పడుతుంది. పీపా అంటే 159 లీటర్లు. ఒక్క ఓడలో 31 కోట్ల లీటర్ల పైమాటే అన్నమాట!

ఇది గొలుసు వంటిది. ఓడ రావడం ఆలస్యమైతే ట్యాంకులు నిండిపోతాయి. ట్యాంకులు నిండితే బావులు కట్టెయ్యాలి. పంపు ఆగితే ఓడ వూరికే నిలబడుతుంది, డెమరేజీ కట్టాలి. (రైల్వే గూడ్సు షెడ్డులో సరుకు దింపించుకున్నవాళ్ళను అడగండి, డెమరేజీ అంటే ఏమిటో చెబుతారు.) ఇక తప్పు ఎవరిది అని అడిగితే పంపులవాళ్ళు కరెంటువాళ్ళ మీద, వాళ్ళు రేవు మీద, రేవువాళ్ళు కాగితాల ఆఫీసు మీద చెబుతారు. ఎవరి లెక్కల పుస్తకం వారిది. కంపెనీలు కొన్ని లెక్కలు బయట పెట్టనే పెట్టవు.

అసలు "పని బాగా జరుగుతున్నది" అనడానికి ఏది గుర్తు? గొట్టం పట్టేదానిలో ఎంత పోతున్నదో అదా? పీపాకు పడే ఖర్చా? ఓడలు నిలిచిన రోజులా? దారిలో పోయిన సరుకా? నైజీరియాలో గొట్టాలకు కన్నాలు పెట్టి చమురు దొంగిలించడం పెద్ద బెడద. అక్కడ ఈ చివరిదే ముఖ్యం కావచ్చు, ఇంకోచోట కాకపోవచ్చు. ఏ కొలతకు ఎంత విలువ ఇవ్వాలో ఏ మీటరూ చెప్పదు. మనుషులను అడగవలసిందే.

అడగడంలోనే వుంది చిక్కంతా. పదిమందినీ ఒక గదిలో కూర్చోబెట్టి అడిగితే ఏమవుతుందో మన ఇళ్ళల్లో పెళ్ళి మాటలప్పుడు చూస్తూనే వుంటాం. పెద్దాయన ఒక మాట అన్నాక మిగతావాళ్ళు తలలు వూపుతారు. వేలంపాటలోనూ అంతే. పెద్ద షావుకారు నోరు తెరిచాక చిన్న వ్యాపారి అతని ముఖం చూసి పాడతాడు. చీటీ మీద ధర రాసి వేసే టెండరులో ఆ బెడద తక్కువ. ఎవరు ఎంత రాశారో పక్కవాడికి తెలియదు. మనం చెప్పుకునే పద్ధతి ఈ టెండరు చీటీకి చెల్లెలు వంటిది. తేడా ఏమిటంటే చీటీ ఒక్కసారితో ముగియదు. రెండోసారి, మూడోసారి కూడా రాయిస్తారు. మధ్యలో మిగతావాళ్ళు ఏమి రాశారో, ఎందుకు రాశారో చదివి వినిపిస్తారు, పేర్లు మాత్రం చెప్పరు.

దీని పేరు డెల్ఫీ పద్ధతి. డెల్ఫీ గ్రీసు దేశంలో వెనకటి దేవాలయం. అక్కడ పూజారిణి దేవుడు పూని జరగబోయేది చెప్పేదట, మన ఎరుకలసాని సోది చెప్పినట్టు. పేరు అందంగా వుంది గాని ఈ పద్ధతికి అతకదు. పద్ధతిని తయారుచేసినవాళ్ళకే ఆ పేరు అంతగా నచ్చలేదు. ఇందులో పూనకం లేదు, లెక్క వుంది.

ఇది అమెరికాలో రాండ్ అనే పరిశోధన సంస్థలో 1950ల తొలి రోజుల్లో పుట్టింది. నార్మన్ డాల్కీ, ఓలాఫ్ హెల్మర్ అనేవారు చేశారు. పుట్టుక మాత్రం మంచి పనికోసం కాదు. అమెరికా పరిశ్రమలను దెబ్బ తీయడానికి శత్రువుకు ఎన్ని అణుబాంబులు కావాలి అని 7గురు నిపుణులను అడిగారు. మొదటిసారి ఒకరు 50 అన్నారు, ఒకరు 5,000 అన్నారు! ఒకరితో ఒకరిని మాట్లాడనీయకుండా 5 విడతలు ప్రశ్నలు పంపితే, చివరకు పెద్ద అంకె చిన్న అంకెకు రెండింతలకు కొంచెం పైన వచ్చి ఆగింది. ఆ సంగతి బయట అచ్చయింది 1963లో. మన దేశంలో అబ్దుల్ కలాం గారు అధ్యక్షులుగా వున్న టైఫాక్ సంస్థ, 2020 నాటికి దేశం ఎట్లా వుండాలో ఆలోచించినప్పుడు ఈ పద్ధతిని కూడా వాడింది. ఆ నివేదికలు 1996లో వచ్చాయి.

చమురు విషయానికి ఇది ఎట్లా పనిచేస్తుందో ఊహకు ఒక లెక్క వేసుకుందాం. 9 మందికి ఒకే ప్రశ్న పంపారు: "ఓడ నింపడంలో జరిగే ఆలస్యానికి కరెంటు పోవడం ఎంత కారణం? 1 నుంచి 9 వరకు మార్కు వేయండి." వచ్చిన మార్కులు 2, 3, 3, 4, 5, 5, 6, 6, 9. వీటికి సగటు కట్టరు. 50, 5,000 వంటివి వచ్చినప్పుడు ఒక్క పెద్ద అంకె సగటును తనవైపు లాగేసుకుంటుంది. పిల్లలను ఎత్తు ప్రకారం వరసలో నిలబెట్టి సరిగ్గా నడుమనున్న పిల్లను చూసినట్టు, నడిమి మార్కు చూస్తారు. ఇక్కడ అది 5. మార్కులు ఎంత దూరం చెదిరి వున్నాయో కూడా చూస్తారు.

మరి ఆ 9 వేసినవారి మాటేమిటి? తోసివేయరు. "అందరికన్నా ఎడంగా వేశారు, కారణం రాయండి" అంటారు. ఆయన రాత్రి పంపుల దగ్గర వుండే మనిషి అనుకోండి. "కరెంటు పోయింది పది నిమిషాలే అని రిజిస్టరులో రాస్తారు. పంపులన్నీ మళ్ళీ ఎత్తుకుని గొట్టంలో వెనకటి ఒత్తిడి వచ్చేసరికి గంటలు గడుస్తాయి, అది ఎవరూ రాయరు" అని రాశాడు. ఆ నాలుగు ముక్కలు పేరు లేకుండా మిగతా ఎనిమిది మందికీ వెళ్ళాయి. రెండో విడతలో నడిమి మార్కు 6కు చేరింది. ఇద్దరు కదలలేదు. కదలకపోవడం తప్పేమీ కాదు. కదలనివారు ఎందుకు కదలలేదో కూడా నివేదికలో వుండాలి.

నా మట్టుకు నాకు ఈ పద్ధతిలో అన్నిటికంటే విలువైనది ఆ పేరులేని కాగితమే. పై అధికారి ముందు ఆ మాట ఆ మనిషి అనగలడా? ఉద్యోగం గుర్తుకు రాదూ!

అయితే పద్ధతి ఎంత మంచిదైనా, అడగవలసినవారిని అడగకపోతే దండగే. ఇరాకులో ఉత్తరాన కిర్కూకు వైపునుంచి టర్కీ దేశంలోని జెయ్‌హాన్ రేవుకు గొట్టపు దారి వుంది. 2023 మార్చిలో అది ఆగిపోయింది. రోజుకు ఇంచుమించు నాలుగున్నర లక్షల పీపాల చమురు నిలిచిపోయింది. గొట్టం పగలలేదు, పంపు చెడలేదు. ఇరాకు, టర్కీల తగాదాలో మధ్యవర్తుల తీర్పు వచ్చింది, టర్కీ గొట్టం కట్టేసింది. మళ్ళీ చమురు పారడానికి 2025 సెప్టెంబరు చివరిదాకా పట్టింది. అక్కడి కుర్దు ప్రాంతంలో సర్కారు జీతాలు చమురు డబ్బు మీదే ఆధారం. పంతుళ్ళకు, నర్సులకు జీతాలు నెలల తరబడి సతమతమయ్యాయి. 2022లో ఇంజనీర్లను మాత్రమే పిలిచి "ఈ దారికి పెద్ద గండం ఏది?" అని చీటీలు రాయించి వుంటే, పంపులు, తుప్పు, బాంబులు అని ఏకగ్రీవంగా రాసేవారేమో! ఒక వకీలు ఆ తొమ్మిదిమందిలో వుంటేనే తీర్పు మాట వస్తుంది. అంచేత ఇటువంటి అధ్యయనం ఏది చదివినా నేను మొదట చూసేది ఫలితం కాదు, ఎవరిని అడిగారు అన్నది. ఓడ కెప్టెను, కొలత గుమాస్తా, గొట్టం పోయే పల్లెలోని మనిషి వున్నారా? అందరూ ఒకే ఆఫీసులో పై అంతస్తువాళ్ళేనా?

మన ఎమ్మిగనూరునే చూడండి. మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘం స్థాపించిన వూరు. మగ్గం మీద నేత గురించి అడగాలంటే నేసే మగవాడి దగ్గరకు వెళతారు. నూలు ఎక్కడ తెగుతుందో, ఏ చిలప మంచిదో కండెలు చుట్టే ఆడవాళ్ళ వేళ్ళకు తెలుసు. వాళ్ళను నిపుణులు అని ఎవరైనా అన్నారా?

ఈ పద్ధతిని తప్పుపట్టినవారూ వున్నారు. ఆ రాండ్ సంస్థలోనే హెరాల్డ్ సాక్మన్ అనే ఆయన 1974లో గట్టిగా విమర్శించాడు. నిపుణులని ఎవరిని ఎంచారో తేలదు, ప్రశ్నలు అలుకుగా వేస్తారు, అందరూ ఒక అంకెకు చేరారు గనుక అది నిజమనుకుంటారు అని. ఆ మాటలో పస వుంది. రెండో విడతలో కొందరు ఆలోచించి మారతారు, కొందరు విసుగుపుట్టి నడిమి అంకె వేసి కాగితం వదిలించుకుంటారు. మీటరు చదివితే తెలిసే సంగతికి చీటీలు రాయించడం కూడా తెలివి తక్కువే. లెక్కలు దొరికినచోట లెక్కలే చూడాలి. అవి దొరకనిచోట, రేపటి సంగతి అంచనా వేయవలసినచోట చీటీలు పనికి వస్తాయి.

మీ పొదుపు సంఘంలో కూడా దీన్ని చేసి చూడవచ్చు. అప్పు ముందు ఎవరికివ్వాలి, నీళ్ళ ట్యాంకరు మీ వీధికి ఎందుకు ఆలస్యమవుతున్నది వంటి ప్రశ్న ఒక్కటే తీసుకోండి. అందరికీ ఒకే కొలత కాగితం ముక్కలు ఇవ్వండి. లీడరు ఆఖరున రాయాలి, అప్పటిదాకా నోరు మెదపకూడదు. మార్కులు, కారణాలు చదివి వినిపించి ఒక రోజు ఆగి మళ్ళీ రాయించండి. ఒక జాగ్రత్త. మన వీధిలో ఎవరి రాత ఎవరిదో అందరికీ తెలుసు. రాయడం రానివారూ వుంటారు. కనుక రాసిపెట్టడానికి పై వీధినుంచి హైస్కూలు చదివే ఆడపిల్లను ఒకర్తెను పిలవండి. ఒక్కొక్కరే ఆ అమ్మాయి దగ్గరకు వెళ్ళి చెవిలో చెప్పాలి. చీటీలన్నీ ఆ అమ్మాయి చేతిరాతలోనే వుండాలి.